దండెం మీది రెండో జత

దండెమా, ముందు మొక్కు నీకే.

అర్రలో ఈ గోడ మొల నుంచి ఆ గోడ మొలకు బిగించిన తాడువు. కాస్త ఉన్నోళ్ల ఇంట్లో దూలానికి వేలాడదీసిన వెదురుబొంగువు. బీరువాలు రాని కాలంలో కేతేపల్లి ఇండ్లలో ఇంటిల్లిపాది బట్టలూ నీ మీదే ఉండేవి. తాత దోతి, అవ్వ చీర, పెద్దోడి అంగీ, చిన్నోడి లాగు. ఎన్ని జతలున్నాయని ఎవరిని అడిగినా జవాబు ఒకటే: ఒంటి మీద ఒకటి, దండెం మీద ఒకటి. పండుగ జత సందుగలో కలరా ఉండల మధ్య పడుకొని దసరా కోసం ఎదురుచూసేది. ఒంటి మీదిది మాసేలోగా నీ మీదిది ఆరాలి. ముసురు పట్టి మూడు రోజులు పొద్దు పొడవకపోతే ఆ లెక్క తప్పేది. అప్పుడు అంగీని పొయ్యి పక్కన అటూ ఇటూ తిప్పి ఆరబెట్టి, పొగ వాసనతోనే తొడుక్కొని పొలం పోయేవారు. వాళ్లను మురికివాళ్లనడానికి నాకు నోరు రాదు. రెండే జతలతో ఏడాది పొడుగునా ఉతికిన బట్ట కట్టుకున్నవాళ్లు వాళ్లు.

నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు పోతుంటే తగిలే ఊరు కేతేపల్లి. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డుకు ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65. పక్కనే మూసీ, 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు. కాలువ ఎక్కిన చోట వరి పచ్చగా కనబడుతుంది. కాలువ ఎక్కని చెల్కలు మాత్రం ఎప్పటికీ మొగులు వైపు చూసేవే: ఎర్రమట్టి, గుండ్రాళ్లు, జొన్న, కంది, ఆముదం. ఈ పాట ఆ చెల్కల్లో బతికిన శుభ్రానికి. నీళ్లు తక్కువ, బట్ట తక్కువ, సబ్బు అసలే లేదు. అయినా ముఖం కడగనిదే నోట ముద్ద పెట్టని మనుషులు.

వేపపుల్లా, నీ చేదుతోనే పొద్దు మొదలు. చిటికెన వేలంత కొమ్మ విరిచి, ఒక కొసను పండ్ల మధ్య నలిపి కుంచె చేసేవారు. తోముకోవడం అయినాక అదే పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకునేవారు. పొలం గట్టున గానుగ దొరికితే గానుగ, లేకపోతే ఉత్తరేణి. పిల్లలు చేదు వద్దని ఏడిస్తే పొయ్యిలోని కచ్చిక బూడిద, ఉప్పు కలిపి వేలికి అంటించేవారు. తరువాతి రోజుల్లో కోతి బొమ్మ నల్ల పళ్లపొడి దుకాణానికొచ్చింది. నోట్లో పందుంపుల్ల ఉన్నంతసేపూ మగవాళ్లు గట్టు దిగరు, ముచ్చట ఆపరు. ఎవరి బాయిలో నీళ్లు దిగాయి, ఎవరి ఎద్దు కుంటింది, ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, అన్నీ ఆ పుల్ల నమలుతూనే.

అయితే ఈ నల్లగొండ జిల్లాలో పండ్ల గురించి పాడేటప్పుడు ఒక కష్టం ఉంది. మునుగోడు, మర్రిగూడ దిక్కు ఎంత తోమినా పోని గార పట్టిన పండ్లు వేలమందికి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి బాయిల్లో, బోర్లలో అంతకు ఎంతో ఎక్కువ. పాలపండ్లు రాలి గట్టి పండ్లు రాకముందే, చిగురు లోపలే ఆ మచ్చ పడిపోతుంది. ఇక వేపపుల్ల ఏం చేస్తుంది? పటిక, సున్నం వేసి నీటిలోంచి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి ప్రపంచమంతా వాడే పేరు నల్లగొండ పద్ధతి. పేరు మాత్రం మనది, పండ్ల గార కూడా మనదే. పొద్దున్నే నాలుగు పుల్లలు విరిగేదాకా తోముకొని, పెండ్లిచూపుల్లో నోరు మూసుకొని కూర్చున్న ఆడపిల్లలు ఇటు పుట్టినవాళ్లే.

ఇక నీళ్లకు మొక్కాలి. బాయి నుంచి బోకెనతో చేది, బిందెతో మోసి, గోలెంలో నింపిన నీళ్లు. మోసినవాళ్లకే తెలుసు ఆ నీళ్ల బరువు, అందుకే పారబోయడానికి చెయ్యి ఆడదు. పొద్దుగూకి చెల్క నుంచి వచ్చినవాడికి పెరట్లో జాలారు బండ, పొయ్యి మీది కాగులో ఉడుకునీళ్లు. కాగు కిందికి ఆముదం కట్టె, కందికట్టె. మొదటి చెంబు కాళ్లకు. పగుళ్లలో దిగిన ఎర్రమట్టిని ఇటుక ముక్కతో గీకాలి. రెండో చెంబు ఒంటికి, అప్పుడు బీరపీచు. వీపు దగ్గరికొచ్చేసరికి ఇంట్లో ఎవరో ఒకరికి కేక: "ఓ బిడ్డా, గింత వీపు రుద్దవే!" మూడు, నాలుగు చెంబుల్లో తానం అయిపోయేది. ఆ నీళ్లకు అంతటితో విడుదల లేదు. జాలారు తూములోంచి పోయి బీరపాదుకు, అరటిపిలకకు, కనకాంబరం మొక్కకు అందేవి. ఎండకాలంలో ఆ పెరట్లో పచ్చగా ఉన్నదంతా ఇంటివాళ్ల తానం నీళ్లు తాగి బతికిందే.

మగవాళ్లకు ఇంకో భోగం ఉండేది. మోట కొట్టే బాయి. ఎద్దులు దిగుడుగా నడుస్తుంటే తోలుబాన పైకొచ్చి ఒక్కసారి నీళ్లు కుమ్మరించేది. ఆ ధార కింద వంగి నిలబడ్డవాడు చెంబులు లెక్కపెట్టే పని లేదు. ఆడవాళ్లకు ఆ ధార లేదు. చీర కట్టుకొనే, తడిక చాటున, చీకటి పడ్డాకనో తెల్లారకముందో తానం. చెంబట్క పోవడమూ చీకటికే. పగలు కడుపు నొచ్చినా పొద్దుగూకేదాకా బిగబట్టిన ఆడవాళ్ల ఓపికకు నేను పాట కట్టను. అది ఓపిక పేరుతో వాళ్ల మీద పడ్డ అన్యాయం. ఊరి బాయి దగ్గర ఇంకో అన్యాయం: మాదిగ, మాల ఇండ్ల ఆడవాళ్లు ఒడ్డున బిందె పెట్టి, ఎవరైనా చేది పోస్తారేమోనని నిలబడేవారు. శుభ్రమంటే మడి, మైల అని బోధించిన ఊరే కొందరికి కడుక్కోవడానికి నీళ్లు ఇవ్వలేదు.

ఆముదమా, నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కల బిడ్డా! దేశంలో ఆముదం పంటకు పేరుమోసిన జిల్లాలు ఒకప్పుడు ఈ రెండు. వాన మొహం చాటేసినా నువ్వు మాత్రం ఎర్రటి కాండంతో నిలబడేదానివి. గింజల్ని మంగలంలో దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, నీళ్లలో వేసి మరిగిస్తే నూనె మెల్లగా పైకి తేలుతుంది. గరిటెతో పైపైన తీసి ఇంకోసారి కాచి, చిటపటలు ఆగేదాకా నీటి చెమ్మ పోగొడితే వంటాముదం. ఆ రోజు వాడకట్టంతా నీ వాసనే. జిడ్డు, చిక్కదనం, పసుపు రంగు. చూడగానే ముక్కు మూసుకునే పట్నపు చుట్టాలకు ఏం తెలుసు, ఇంట్లో ఎన్ని పనులకు నువ్వు కావాలో! నెత్తికి నువ్వు, గూట్లో దీపానికి నువ్వు, బండి ఇరుసుకు నువ్వు. దీపం మీద రాగిచెంబు బోర్లించి పట్టిన మసిలో నీ చుక్క కలిపితే కంటికి కాటుక. తంగేడు చెక్కతో ఊనిన తోలును మెత్తబరచడానికీ నువ్వే. మాదిగ తాత కుట్టిన కిర్రుచెప్పులు నీ చమురు తాగి, ఊరి చివర నడిచినా ఇంట్లోకి వినబడేవి. మోకాళ్లు వాస్తే నీ ఆకునే వెచ్చజేసి కట్టేవారు.

నీ గొప్ప చూడాలంటే బాలింత ఇంటికి పొద్దున్నే పోవాలి. అవ్వ జాలారు బండ మీద చీర మోకాళ్ల పైకి జరుపుకొని కాళ్లు బారజాపి కూర్చునేది. రెండు కాళ్ల నడుమ పసిగుడ్డు. ముందు మాడు మీద గోరువెచ్చని ఆముదం చుక్క, మెత్తగా మూడు వేళ్లతో. తరువాత ఎద, భుజాలు, తొడలు. కుడిచేతిని ఎడమకాలికి, ఎడమచేతిని కుడికాలికి తగిలించి సాగదీసేది. ఏడుపు ఆకాశానికి అంటుతుంటే అవ్వ ఏదో ఊకొడుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం ఆగదు. శనగపిండి, పసుపు కలిపిన నలుగుతో జిడ్డు దిగ్గొట్టి, బోర్లా తిప్పి వీపు మీద ఉడుకునీళ్లు. నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి కండ్లలోకి నీళ్లు పోకుండా నెత్తికి పోసేది. చివరి చెంబు చుట్టూ తిప్పి దిష్టి తీసి దూరంగా చల్లేది. పాత చీర గుడ్డతో ఒత్తి, నిప్పుల మీద ఊదు వేసి, ఆ పొగ మీదుగా అటూ ఇటూ ఊపి, చెంపకూ అరికాలికీ కాటుక చుక్క పెట్టేసరికి ఏడ్చిన బిడ్డ అవ్వ చేతుల్లోనే నిద్దురపోయి ఉండేది. చెవుల్లో, ముక్కులో చమురు పొయ్యొద్దని పిల్లల డాక్టర్లు చెబుతున్నారు, అది వినాల్సిన మాటే. ఆ చేతి ఒడుపు మాత్రం ఆ అవ్వ దగ్గర నేర్చుకోవాల్సిందే.

బట్టలోకీ వచ్చింది ఆముదం. ఈ జిల్లా పాత హద్దుల్లోని పుట్టపాకలో నేసే తేలియా రుమాలు చూడండి. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, అప్పుడు ఎరుపూ నలుపూ ఎక్కిస్తారు. ఆ రంగు దిగదు. నెత్తికి చుట్టుకుంటే చల్లగా ఉంటుందని అరబ్బు దేశాలదాకా పోయింది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన చెల్క రైతు నెత్తికి మాత్రం ఎప్పుడూ ముతక తెల్లరుమాలే: ఎండకు తలపాగా, చెమటకు తువ్వాల, సద్ది కట్టుకోవడానికి మూట. దొర ఎదురైతే ఆ రుమాలు నెత్తి దిగి నడుముకు చేరాలి. కిర్రుచెప్పులు కాలు విడిచి చేతిలోకి రావాలి. తెలంగాణ సాయుధ పోరాటం ఎన్నో పెద్ద విషయాల మీద సాగింది, నిజమే. నాకు మాత్రం దొర గడి ముందు నుంచి రుమాలు తీయకుండా, చెప్పులు విడవకుండా నడిచిపోయిన మొదటి మనిషి ఎవరో తెలుసుకోవాలని ఉంటుంది.

గొంగడీ, నీకు సబ్బు తగలదు, చాకలి రేవు తెలియదు. నల్లగొర్రె బొచ్చును కురుమ ఆడవాళ్లు వడికితే, మగవాళ్లు చింతగింజల గంజి పట్టించి నేసేవారు. ఎండలో దులిపితే అదే నీకు ఉతుకు. వానకు గొడుగు, చలికి దుప్పటి, మంచె మీద పరుపు.

గంజి అన్నాను కదా, ఒక చిన్న సంగతి. తెల్లదోతికి పెళపెళలాడేలా గంజి పెట్టడం పెద్దమనిషి గుర్తని ఊరంతా అనుకునేది. ఆ గంజి రావాలంటే ఇంట్లో అన్నం ఉడకాలి. చెల్క ఇండ్లలో పొయ్యి మీద ఉడికేది జొన్నగటక, వరి బువ్వ పండుగకో చుట్టం వస్తేనో. అందుకే దోతి బిరుసుదనం చూసి ఆ ఇంట్లో నిన్న ఏం వండారో చెప్పొచ్చు. మెత్తగా వేలాడే దోతిలో మడతలు సరిచేసుకుంటూ నడిచిన మనిషి తక్కువ శుభ్రమైనవాడేం కాదు. గటక తిన్నవాడు, అంతే.

ఇప్పుడు ఊరంతటి చేతులకు మొక్కాలి. చాకలి అవ్వా, మీరు లేకపోతే ఈ దండేల మీద తెల్లదనం ఎక్కడిది?

ఎండకాలం చౌడునేల మీద తెల్లగా పొంగిన సవుడు మట్టిని గీకి తెచ్చేవారు. ఆ మట్టే సబ్బు. నీళ్లలో కలిపి, తేరుకున్నాక బట్టల్ని ముంచి, పిండీ పిండనట్టు తీసేవారు. పొయ్యి మీద పెద్ద బాన, బాన మెడ చుట్టూ బట్టలు చుట్లు చుట్లుగా పేర్చి, పైన ముతకగుడ్డ కప్పి రాత్రంతా ఉబ్బ పెట్టేవారు. ఆవిరి ఒక్కో పోగులో దూరి మురికిని వదిలించేది. పేను గుడ్డూ, గజ్జి పురుగూ ఆ వేడికి బతకవు. ఇవాళ ఆసుపత్రుల్లో బట్టలను ఆవిరి పట్టించే యంత్రాలను చూసినప్పుడల్లా నాకు ఆ బాన గుర్తొస్తుంది. తెల్లారి గాడిదల మీద మూటలు రేవుకు. మోకాలిలోతు నీళ్లలో నిలబడి, బట్టను నెత్తి మీదికి తిప్పి బండ మీద కొడుతూ, ప్రతి దెబ్బకూ పండ్ల సందుల్లోంచి ఊపిరి వదిలే ఆ చప్పుడు అల్లంత దూరంలోని చేలకు వినబడేది.

ఊరి బట్టలన్నీ ఒకే బానలో ఉడికినా ఎవరి అంగీ వాళ్ల దండేనికే చేరేది. దానికి మీ దగ్గరొక ఉపాయం. నల్లజీడి గింజను పొడిచి ఆ రసంలో పుల్ల ముంచి బట్ట మూలన గుర్తు పెట్టేవారు. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఇంకో ఇంటికి చుక్క పక్కన గీత, మరో ఇంటికి మూడు గీతలు. కాస్త సున్నం తగిలితే ఆ నలుపు బట్ట చిరిగేదాకా పోదు. ఊళ్లో ఇండ్లెన్నో, అన్నదమ్ములు ఎవరు వేరుపడ్డారో, ఏ ఇంట కొత్తకోడలు అడుగుపెట్టిందో, ఆ గుర్తుల్లో అంతా ఉండేది. ఏ మరకను ఎవరికీ చెప్పకూడదో కూడా మీకు తెలుసు. ఏ ఇంటి పిల్ల పెద్దమనిషైందో ఊరికంటే ముందు మీకు తెలిసేది, ఊరికి మాత్రం మీ నోటి నుంచి ఎన్నడూ తెలియలేదు.

ఇంత పనికీ కూలి ఏమిటి? పొద్దుగూకి గంప పట్టుకొని ఇంటింటికీ తిరిగితే ముద్ద బువ్వ, ఇంత కూర. పంట ఇంటికొచ్చాక కళ్లం దగ్గర మేర గింజలు. గడికైతే అదీ లేదు, వెట్టి. దొరసాని చీరలు ఉతకాలి, గడిలో అంట్లు తోమాలి, పిలిచినప్పుడల్లా పోవాలి. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకా పాలకుర్తిలో ఒక చాకలి ఇంటి ఇల్లాలు నాలుగెకరాలు కౌలుకు చేసి, పండిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే అడ్డం నిలబడింది. ఆమే చిట్యాల ఐలమ్మ, 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. గడి గేటు బయట నిలబెట్టి పిలిచిన కులం పేరు ఇప్పుడు పట్టా కాగితాల మీద అచ్చవుతోంది.

తరువాత సబ్బులొచ్చాయి. ఎర్ర లైఫ్‌బాయ్ బిళ్లను దారంతో రెండుగా కోసి, సగం ఈ నెలకు సగం వచ్చే నెలకు దాచుకున్న ఇండ్లున్నాయి. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి దొడ్లో కలిపి సైకిలు మీద అమ్మడం మొదలుపెట్టిన నిర్మా పొడి, రేడియో పాటగా మారి ఇక్కడిదాకా వచ్చింది. నైలాన్ చీరలొచ్చాయి. ముంచి దులిపితే చాలు, గంట తిరక్కుండా ఆరిపోయేవి. నూలు చీర సొగసు గురించి పట్నంలో కూర్చొని చెప్పేవాళ్లకు నాట్లేసిన ఆడమనిషి సంగతి తెలియదు. గంటలో ఆరే చీర ఆమెకు గొప్ప వరం. ఎండకు ఒళ్లు మండినా ఆ వరాన్ని వదులుకోలేదు.

కుంకుడుకాయలు మాత్రం పోలేదు. వారానికోపాలి నెత్తికి పోసుకునే రోజు రాయి మీద కాయలు పగలగొట్టి, నల్లగింజలు పిల్లల ఆటకు వదిలి, పెచ్చులు ఉడుకునీళ్లలో పిసికేవారు. నురగ కంట్లో పడితే లబలబ. అవ్వ పరుగున వచ్చి నోట్లో ఉప్పురాయి పెట్టేది. మంట కంట్లో, మందు నోట్లో. ఎట్లా తగ్గేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు, తగ్గేది మాత్రం నిజం. తానమైనాక అరుగు మీద ఎండకు కూర్చొని, ఒకరి జుట్టు ఒకరు పాయలు తీసి పేన్లు చూసుకుంటూ, ఈర్లను గోళ్ల మధ్య నొక్కుతుంటే ఆ టక్కుమనే చప్పుడు. ఆ గంటసేపట్లో ఎన్ని కాపురాల ముచ్చట్లు!

ఇక బట్టకు ముసలితనం. చీర చిరిగితే పారేయడమనే మాట లేదు. ముందు మధ్యన చించి అంచులు కలిపి కుట్టి మళ్లీ కట్టేవారు. అదీ పలచబడితే బొంతకు. నాలుగైదు పాత చీరలు నేల మీద పరిచి, లోపల మగవాళ్ల అరిగిన దోతులు వేసి, నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలల్లో కూర్చునేవారు. దబ్బనంతో అంచు నుంచి లోపలికి చుట్టూ చుట్టూ కుట్టుకుంటూ జరిగేవారు. మధ్యలో కలుసుకునేసరికి చలికాలం దాటించే బొంత సిద్ధం. అందులో పెండ్లి చీర కొంగుంది, అత్త చనిపోయిన ఏడు కట్టిన చీర ఉంది. బొంతకు మిగిలిన ముక్కలు బాలింత ఇంటికి పొత్తిగుడ్డలు. నెలనెలా వాడుకునే గుడ్డలూ అవే. వాటిని కడిగి ఎండలో వేయనీయకుండా చాటున ఆరేయించిన సిగ్గు మాత్రం చెడ్డది. ఎండ పడితే ఎన్ని రోగాలు తప్పేవో. చివరికి ఏ పనికీ రాని పేలిక గూట్లో దీపానికి వత్తి.

మూసీ సంగతి చెప్పకుండా ముగిస్తే ఈ ఊరి పాట సగమే. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ ఏరు ఒకప్పుడు బట్టలకూ పశువులకూ మనుషులకూ తానపు రేవు. ఇప్పుడు హైదరాబాదు బాత్రూముల నీళ్లు ఎక్కువగా దీనిలోకే. పట్నం తలంటుకున్న షాంపూ నురగ, పట్నం ఉతుక్కున్న డిటర్జెంటు ఇక్కడిదాకా వస్తాయి. నాలుగు చెంబులతో తానం ముగించి, ఆ నీళ్లను బీరపాదుకు మళ్లించిన ఊరికి కోటిమంది కడుక్కున్న నీళ్లు దిగువన అందుతున్నాయి. రేవు బండల మీద ఇప్పుడు ఎవరూ బట్టలు కొట్టరు.

కానీ అవ్వలు ఇంకా ఉన్నారు. మొన్న దసరాకు హైదరాబాదు నుంచి బస్సు దిగి వచ్చిన ఒక మనవరాలు, సంచిలో శానిటైజర్ సీసా, కాళ్లకు తెల్ల బూట్లు, నేరుగా ఇంట్లోకి నడవబోయింది. అవ్వ కర్ర అడ్డం పెట్టింది.

"ఆగు బిడ్డా. గా చెంబు అందుకో."

"చేతులకు మందు రాసుకున్న అవ్వా!"

"చేతులతోని నడిచొచ్చినవా ఏంది? కాళ్లు కడుగు."

పిల్ల బూట్లు విప్పి, అరుగు పక్కన నిలబడి, కాళ్ల మీద ఇన్ని నీళ్లు పోసుకొని గడప వైపు తిరిగింది. అవ్వ కర్ర అడ్డం తీయలేదు.

"మడిమెలు తడవనే లేదు. ఇంకో చెంబు పోసుకో."